ఇవాళ పడవ లేదు

మా నాన్నకి నందిగామ ఎండల మీద పట్టింపు ఎక్కువ. జగ్గయ్యపేటలో ఎంత కాస్తోందో తలెత్తి చూడడు గానీ, ముప్పై కిలోమీటర్ల అవతల ఎంత కాస్తోందో ఆయనకి రోజూ కావాలి. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద కలుపుతూ, నా మొహం చూడకుండా అడిగేవాడు.

"నందిగామలో ఎండలెట్లా ఉన్నాయంట?"

"బానే ఉన్నాయంట నాన్నా," అనేదాన్ని.

అంటే మా మేనత్త దేవమణి బాగానే ఉందని. ఆమెకి మోకాళ్ళు పట్టేస్తే "ఉక్కపోతగా ఉందంట" అని చెప్పేదాన్ని. జ్వరమొస్తే వడగాలి. పేరు ఎత్తకుండా పదిహేనేళ్ళు మా ఇంట్లో ఆమె క్షేమసమాచారం ఇట్లాగే నడిచింది. నడిపింది నేనే, మధ్యలో తపాలా బంట్రోతులాగా. అమ్మ పోయాక ఆ ఇంట్లో మిగిలింది నాన్న, నేను. ఇద్దరం కలిసి రోజుకి పాతిక మాటలు మాట్లాడుకుంటే అందులో నాలుగు నందిగామ ఎండలే.

నాన్న పేరు స్తెఫను. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాడు. మా చర్చి సంఘంలో పెద్ద. నెల మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల. ఆ రోజు రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ముందు మనసులో ఎవరి మీదా ఏమీ ఉండకూడదు. తప్పు చేసినవాళ్ళని పెద్దలు కొన్నాళ్ళు బల్లకి ఆపుతారు. గడువు తీరాక, ఆపిన పెద్దే ఆ ఇంటి గడప తొక్కి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వరసలో కూర్చోబెట్టాలి. ఆపడం ఎవడైనా చేస్తాడు, తీసుకురావడమే పెద్దరికం అనేవారు మా పాత పాస్టరు అయ్యగారు.

అత్తయ్య నాన్నకి అక్క. అప్పట్లో జగ్గయ్యపేటలోనే ఉండేది. ఒకసారి అమ్మవారి తిరునాళ్ళప్పుడు స్నేహితురాలు దుర్గాంబగారు రమ్మంటే వాళ్ళ బండిలో పెనుగంచిప్రోలు వెళ్ళింది, వాళ్ళు పెట్టిన ప్రసాదం తిన్నది. సంఘంలోవాళ్ళు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా వెళ్ళారు. పెద్దలు కూర్చున్నారు. ఆ ఇద్దరికీ ఒక నెల, అత్తయ్యకి ఆరు నెలలు. ఎందుకంటే ఆమె పెద్దగారి అక్క.

"మనవాళ్ళని వదిలేశామని రేపెవరూ అనకూడదు," అన్నాడు నాన్న.

ఆరు నెలలూ అయిపోయాయి. పిలవడానికి నాన్న వెళ్ళలేదు, వెళితే అక్క కాబట్టి వెళ్ళాడంటారని. అత్తయ్య తనంతట తను రాలేదు, ఆపినవాడే వచ్చి పిలవాలని. మా వంశంలో ఎవరు పట్టిన కుందేటికైనా మూడే కాళ్ళు. తర్వాత నర్సు ఉద్యోగంలో ఆమెకి నందిగామ బదిలీ అయింది. రిటైరైనా అక్కడే ఉండిపోయింది, రెండు గదుల అద్దె ఇంట్లో, ఒక్కతే. మామయ్య ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. రెండో శనివారం నేను వెళ్ళి చూసొచ్చేదాన్ని. నేను వెళ్తున్నట్టు నాన్నకి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు.

నేను చెప్పబోయేది రెండేళ్ళ కిందటి వేసవి సంగతి. అప్పుడు నేను కూడా ఇంకో ఊళ్ళో పెద్దని.

ఆ ఊరి పేరు కొత్తరేవు. అది ఫోనులో ఉంటుంది. విజయవాడలో భవానీప్రసాద్ అనే అతను పెట్టాడు. రేవు, సంత, సత్రం, కచేరీ అని గదులుంటాయి. ఏ గదిలోకి వెళితే ఆ చోటికి వెళ్ళినట్టు. అరవై మందిమి ఉండేవాళ్ళం. ఎవరికివారు ఒక మనిషిని కల్పించుకుని ఆ మనిషిగా రాస్తాం. నేను బళ్ళో లెక్కలు చెప్పే జాయిస్‌ని, ముప్పై ఎనిమిదేళ్ళదాన్ని, పెళ్ళి మాట ఎత్తడం చుట్టాలు కూడా మానేసినదాన్ని అని అక్కడ ఎవరికీ తెలీదు. అక్కడ నేను వరాలమ్మని. రేవు గట్టున అట్లు పోస్తాను. ‘వరాలమ్మ పెనం మీద నీళ్ళు చిలకరించింది’ అని నేను రాస్తే, హైదరాబాదులోనో దుబాయిలోనో కూర్చున్నవాడు ‘రంగడు చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాడు, రెండట్లు అన్నాడు’ అని రాస్తాడు. ఇదేం పిచ్చి అనుకుంటారు. మొదట్లో నేనూ అనుకున్నాను. కానీ సెలవుల్లో మధ్యాహ్నం రెండింటికి, నాన్న కునుకు తీస్తుంటే, ఫ్యాను చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ లేనప్పుడు, రెండట్లు కావాలని ఎవరో అడగడం చిన్న సంగతి కాదు.

మనుషులున్నచోట తగాదాలుంటాయి. వాటిని తీర్చడానికి అడ్మిన్లం ఇద్దరం, భవానీప్రసాద్, నేను. ఆ మాట నాకు నచ్చక పెద్దలు అని మార్పించాను. అలవాటైన మాట కదా. రూల్సులో ముఖ్యమైనవి రెండు. ఎదుటివాళ్ళ మనిషి చేతులూ నోరూ నువ్వు రాయకూడదు, ఎవరి మనిషిని వాళ్ళే కదిలించుకోవాలి. కథలో ఎంత తిట్టుకున్నా ఫరవాలేదు గానీ, కథ బయటికొచ్చి రాసే మనిషిని తిట్టకూడదు. తప్పినవాళ్ళని కొన్నాళ్ళు ఊళ్ళోకి రానివ్వం. అందరూ బ్యాన్ అంటారు.

అత్తయ్యని ఆ ఊళ్ళోకి తీసుకెళ్ళింది నేనే. "నాలుగు వేల మంది పిల్లలకి టీకాలు వేశానే. ఒక్కడూ నా గుమ్మం ముందు ఆగడు," అంది ఒకసారి. "సూదులేసినామె గుమ్మం ముందు ఎవరాగుతారత్తయ్యా," అని నవ్వి, ఆమె ఫోనులో కొత్తరేవు పెట్టిచ్చాను. నీలాగే ఎవరో ఒక ఆడమనిషిగా రాయి అంటే ఒప్పుకోలేదు. "డెబ్భై ఏళ్ళు చేశా ఆ ఉద్యోగం. చాల్లే," అంది. పడవ నడిపే సరంగు పుల్లయ్య అయింది.

ఏం సరంగు! నాన్న, ఆమె పుట్టింది మునేటి ఒడ్డున. నీటి రంగు ఎప్పుడు మారుతుందో, ఏ గాలికి అల ఎట్లా లేస్తుందో ఆమెకి తెలిసినట్టు ఆ ఊళ్ళో ఎవరికీ తెలీదు. కుర్రాళ్ళు పుల్లయ్య పడవ ఎక్కడానికే రేవుకొచ్చేవాళ్ళు. పొద్దున తొమ్మిదింటికి పుల్లయ్య పేరు పక్కన పచ్చచుక్క వెలిగేది, అంటే మనిషి ఊళ్ళో ఉన్నట్టు. పొద్దు గూకేదాకా ఆ చుక్క ఆరేది కాదు. పుల్లయ్య మా అత్తయ్యని నేను ఎవరికీ చెప్పలేదు, భవానీప్రసాద్‌కి కూడా.

మే రెండో వారంలో తగాదా వచ్చింది. సతీష్‌బాబు అనే కుర్రాడు అక్కడ రత్తయ్య షావుకారు. రత్తయ్య పెళ్ళి పెట్టారు. పెళ్ళికూతురిది అవతలి ఒడ్డు. రెండు వారాలుగా పదిహేను మంది ఆ పెళ్ళి రాసుకుంటున్నారు, మేళం దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా. తీరా అందరూ రేవుకొచ్చాక పుల్లయ్య తెడ్డు పక్కన పెట్టాడు.

‘నీళ్ళు ఎర్రబారినాయి. పైన ఎక్కడో కురిసింది. ఇవాళ పడవ లేదు,’ అని రాసింది అత్తయ్య.

రత్తయ్య బతిమాలాడు, దబాయించాడు. పుల్లయ్య కదల్లేదు. ముహూర్తం దాటిపోతోందని సతీష్‌బాబుకి ఒళ్ళు మండి, తనే రాసేశాడు: ‘పుల్లయ్య తలొంచుకుని తాడు విప్పాడు. పడవ కదిలింది.’

మరుక్షణం అత్తయ్య కథలోంచి బయటికొచ్చేసింది. ‘నా చేతులు రాయడానికి నువ్వెవడివిరా వెధవా. అడ్డమైనవాడూ నా చేత తాడు విప్పించేవాడే!’ అని మొదలుపెట్టి, ఇంకో నాలుగు మాటలు. నందిగామ ఆసుపత్రి వరండాలో సూదికి ఏడ్చే పిల్లల తండ్రుల్ని తిట్టిన నోరది, ఆగలేదు.

సతీష్‌బాబు ఫిర్యాదు పెట్టాడు. అందరూ పెద్దల వైపు చూశారు. ఆ వారం వంతు నాది.

తప్పు ఇద్దరిదీ ఉంది. ముందు చేసింది సతీష్‌బాబు. ఈ ముక్క లెక్కల టీచరుకి తెలియంది కాదు. భవానీప్రసాద్‌తో ఒక్క మాట, ఆమె మా బంధువండి, ఈ తగువు మీరు చూడండి అంటే అయిపోయేది. అనలేదు. అరవై మందిలో ఎవరికైనా రేపు తెలిస్తే? వరాలమ్మ సొంత మనుషుల్ని వెనకేసుకొచ్చిందంటే? ఆ భయంతో, ఎవరూ అనని మాటకి ముందుగానే జవాబు రాసుకున్నాను. సతీష్‌బాబుకి ఒక రోజు, పుల్లయ్యకి ఒక నెల.

భవానీప్రసాద్ ఫోన్ చేశాడు. "నెల కాస్త ఎక్కువేమో అండి? ఆయన పాత మనిషి."

"రూలు రూలేనండి," అన్నాను. అట్లా అన్నందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది. దాచుకోవడం ఎందుకు.

ఆ సాయంత్రం అత్తయ్యకి ఫోన్ చేశాను, ఊరికే ఒక నెల అత్తయ్యా, కోపం తెచ్చుకోకు అని చెబుదామని. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. మూడో రోజు, బ్యాన్ అయినవాళ్ళు మనవి రాసుకునే పెట్టెలో పుల్లయ్య పేరుతో ఒక ఉత్తరం పడింది.

‘పెద్దలకి సరంగు పుల్లయ్య రాయునది. నా చేతులు నావి అన్నాను. నోరు పారేసుకున్నది తప్పే. ఆపారు, ఒప్పుకున్నా. ఎన్నాళ్ళో చెప్పారు. గడువు తీరాక ఎవరొచ్చి పిలుస్తారో చెప్పలేదు. ఇంతకు ముందు ఒకసారి ఇట్లాగే చెప్పలేదు.’

అంతే ఉంది. నేను దాన్ని నాలుగైదుసార్లు చదివాను. చదివి ఫోను బోర్లా పెట్టి, బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. ఇప్పటి బియ్యంలో రాళ్ళెక్కడుంటాయి. రేవుకి వెళితే పడవ కట్టేసి ఉంది. అట్లు కావాలని ఎవరో అడిగారు. పొయ్యి ఆరిపోయిందని రాశాను.

ఐదో రోజు మధ్యాహ్నం నాన్న కంచం ముందు కూర్చున్నాడు. దోసకాయ పప్పు, వడియాలు.

"నందిగామలో ఎండలెట్లా ఉన్నాయంట?"

"తెలీదు నాన్నా."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. నాలుగు రోజులు బానే ఉన్నాయంటూ నెట్టుకొచ్చాను, తెలీదు అనడం అదే మొదలు.

"ఫోను చెయ్యలేదా?"

"చేస్తే ఎత్తట్లేదు. ఐదు రోజులైంది."

"ఒంట్లో గానీ..."

"ఒంట్లో బానే ఉంది. పొద్దున అక్కడి పక్కింటావిడకి ఫోన్ చేసి అడిగా. నా మీద కోపం, అంతే."

చెప్పక తప్పలేదు. కొత్తరేవు గురించి, రూల్సు గురించి, పెళ్ళి గురించి చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారే ఆపాడు.

"నాటకంలాంటిదా?"

"అట్లాంటిదే. ఎవరి వేషానికి వాళ్ళే మాటలు రాసుకుంటారు."

"అక్కది ఏం వేషం?"

అక్క అన్నాడు. పదిహేనేళ్ళ తర్వాత ఆ వంటింట్లో ఆ మాట పడింది. అన్న సంగతి ఆయనకే తెలీదు. నేను గమనించనట్టే ఉండి, "పడవ నడుపుద్ది," అన్నాను.

"అక్కకి నీళ్ళ సంగతి తెలుసు," అన్నాడు పప్పులోకి చూస్తూ. "వరదొస్తుందని చెబితే వచ్చి తీరేది. నన్ను చంకనేసుకుని గట్టెక్కించింది ఒకసారి." వడియం ఒకటి విరిచి, "ఆ కుర్రాడికెంత వేశావు?" అన్నాడు.

"ఒక రోజు."

"అక్కకి?"

"నెల."

"అంత తేడా ఎందుకే?"

"మనవాళ్ళని వదిలేశానని రేపెవరూ అనకూడదు గదా నాన్నా."

ఆయన్ని పొడవాలని నేను ఆ మాట అనలేదు. ఒట్టు. ఐదు రోజులుగా నా లోపల ఉన్న కారణం అదే, అదే బయటికొచ్చింది. వచ్చాకే నా చెవికి వినపడింది, అది ఎవరి మాటో. నాన్నకీ వినపడింది. నా వైపు చూశాడు. చాలా ఏళ్ళకి నా మొహంలోకి అంతసేపు చూశాడు. తర్వాత గ్లాసు తీసుకుని కంచంలోనే చెయ్యి కడిగేశాడు. మెతుకు పారేస్తే దేవుడు అడుగుతాడని నన్ను పెంచిన మనిషి, కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

నేను ఆ కంచం ముందు చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాక వేడిగాలి మొహాన కొడుతుంటే, అత్తయ్యతో ఏం మాట్లాడాలో వరసగా పేర్చుకున్నాను. నందిగామలో దిగి ఆమె గుమ్మం చేరేసరికి అందులో ఒక్క మాటా మిగల్లేదు.

అత్తయ్య వంటింట్లో కింద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. ఫోను ముందుగదిలో టీవీ మీద ఉంది, పైన జేబురుమాలు కప్పి.

"ఎండన పడి వచ్చావా? కుండలో నీళ్ళున్నాయి తాగు," అంది తలెత్తకుండా.

తాగాను. 

"మీ నాన్న పంపాడా?"

"లేదత్తయ్యా. నేనే వచ్చా."

"ఊఁ."

ఒలిచిన ఆకు చేటలో పడుతోంది, కాడలు పక్కన పడుతున్నాయి. నేనూ కింద కూర్చున్నాను.

"తప్పు నాదత్తయ్యా. ఆ తగువు నేను ముట్టుకోకూడదు. ముట్టుకున్నదాన్ని సరిగ్గా చూడాలి. నువ్వు నా మనిషివని నీకెక్కువ వేశా."

"తెలుసులే," అంది. "మీ ఇంట్లో ‘నా మనిషి’ అన్నారంటే భయమే నాకు."

నేను ఒక కాడ తీసుకుని ఒలిచాను.

"ఇంకొకటి చెప్పనా," అంది మళ్ళీ. "నెల ఆపావని కాదే నా బాధ. అక్కడ నేను సరంగుని. నన్నెవరూ పెద్దమ్మా, మామ్మగారూ అనరు. మోకాళ్ళెట్లా ఉన్నాయని అడగరు. వరదొస్తుందా పుల్లయ్యా అని అడుగుతారు. నేను చెబితే ఆగుతారు. ఇక్కడ నేను చెబితే ఆగేది ఎవరు? ఆ గోడ మీద బల్లి కూడా ఆగదు." చేతిలో కాడని పక్కకి విసిరింది. "వాడు నా చేత తాడు విప్పించేసరికి ఒళ్ళు తెలీలేదు. నువ్వన్నా అడ్డం పడతావనుకున్నా."

నేను లేచి నిలబడి చెయ్యి చాపాను.

"ఏంటే?"

"చెయ్యివ్వు. ఆపినవాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి గదా."

ఆమె నన్నూ నా చేతినీ మార్చి మార్చి చూసింది. గోంగూర పసరు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుని చెయ్యిచ్చింది. పట్టుకుని లేపాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. వంటింట్లోంచి ముందుగదిలోకి పది అడుగులుండవు. మెల్లిగా నడిపించుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి, జేబురుమాలు తీసి, ఫోను ఆమె చేతిలో పెట్టాను. అప్పుడు ఏడ్చాను, చిన్నపిల్లలాగా, వెక్కి వెక్కి.

"ఊరుకో, సూదేమన్నా వేశానా," అంది అత్తయ్య, తన కళ్ళు తుడుచుకుంటూ.

అందరికీ నిజం చెప్పేస్తానంటే ఒకటే షరతు పెట్టింది. "చుట్టమని చెప్పు, చాలు. ఆడదాన్నని, ముసల్దాన్నని చెప్పకు. పుల్లయ్యని చంపకు."

ఆ సాయంత్రం కచేరీ గదిలో అందరికీ రాశాను. పుల్లయ్యగా రాసేవాళ్ళు నాకు దగ్గర బంధువు. ఆ సంగతి దాచి తీర్పు చెప్పడం నా మొదటి తప్పు. పక్షపాతం అంటారని భయపడి ఎక్కువ శిక్ష వెయ్యడం రెండో తప్పు, అదీ పక్షపాతమే. పెద్దరికం వదిలేస్తున్నాను, ఈ తగువు భవానీప్రసాద్‌గారు మళ్ళీ చూస్తారు. అంతా రాసి, దులిపేసుకున్నట్టు ఉంటుందనుకున్నాను. లేదు. ఎవరేమంటారోనని నిమిషానికోసారి ఫోను తెరిచి చూశాను.

ఒకళ్ళిద్దరు బాగానే తిట్టారు. ఒకమ్మాయి ఊరు వదిలి వెళ్ళిపోయింది. భవానీప్రసాద్ ఇద్దరికీ సమానంగా ఒక్కో రోజు వేశాడు, అదెప్పుడో అయిపోయింది కాబట్టి పుల్లయ్యకి తలుపు తీశాడు. నేను అడిగితే రూల్సులో రెండు ముక్కలు కలిపాడు: సొంతవాళ్ళ తగువు ఇంకొకరు చూడాలి. ఎవరు ఆపితే వాళ్ళే, గడువు తీరిన రోజు వెళ్ళి పిలుచుకు రావాలి.

మర్నాడు తొమ్మిదింటికి పుల్లయ్య చుక్క వెలిగింది. రేవు నిండా జనం చేరి ఉన్నారు. చివరికి సతీష్‌బాబు రాశాడు: ‘రత్తయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. నీళ్ళు తగ్గినాక నువ్వే చెప్పు సరంగూ, అప్పుడే వెళ్దాం అన్నాడు.’

‘పుల్లయ్య నీళ్ళ వైపు చూశాడు,’ అని వచ్చింది. ‘ఎల్లుండి, అన్నాడు.’

ఎల్లుండి పెళ్ళయింది. నేను నూటేభై అట్లు పోశాను.

నాన్న మాత్రం ఆ కంచం రోజు నుంచి నందిగామ ఎండలు అడగడం మానేశాడు. మా మాటలు పాతిక నుంచి ఇరవై ఒకటికి పడిపోయాయి. నేను గెలిచానో ఓడానో తెలియని పంతంలాగా ఉంది ఇల్లు. వారం గడిచాక ఒక మధ్యాహ్నం నా గది గుమ్మంలో నిలబడ్డాడు, ఫోను చేతిలో పట్టుకుని.

"ఆ ఊరికి ఎట్లా వెళ్తారే?"

పెట్టిచ్చాను. ఏం పేరు పెట్టమంటావంటే, ఊరికే ‘ఒకాయన’ అని పెట్టమన్నాడు. రేవు గది చూపించి పక్కన కూర్చున్నాను. చూపుడువేలు ఒక్కటీ ఆడిస్తూ, ఒత్తులూ దీర్ఘాలూ వెతుక్కుంటూ రాశాడు.

‘ఒకాయన రేవు దగ్గర నిలబడ్డాడు.’

కాసేపటికి జవాబొచ్చింది. ‘ఎక్కడికి? అన్నాడు పుల్లయ్య.’

‘అవతలికి.’

‘అవతల ఎవరున్నారు?’

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ రెండు మాటలు రాయడానికి చాలాసేపు పట్టింది, ఒత్తు దొరక్క కాదు.

‘మా అక్క.’

చుక్క వెలుగుతూనే ఉంది. ఆ రోజంతా వెలిగింది, జవాబు రాలేదు. నాన్న సాయంత్రం దాకా ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను అత్తయ్యకి ఫోన్ చెయ్యబోయి ఊరుకున్నాను. వాళ్ళిద్దరి చేతులూ నేను రాయకూడదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. ‘పుల్లయ్య తెడ్డు పక్కన పెట్టాడు. ఆ మనిషి దగ్గరికి ఈ పడవ పోదు బాబూ, అన్నాడు. నడిచే పోవాలి.’

నాన్న అది గట్టిగా చదివాడు, బళ్ళో పద్యం చదివినట్టు.

జూన్ మొదటి ఆదివారం ముందు రోజు. బల్ల రేపు. మధ్యాహ్నం పన్నెండింటికే నాన్న అన్నం పెట్టమన్నాడు. తిని, బల్ల ఆదివారాలకి వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. గొడుగు తీసుకున్నాడు.

"నేనూ రానా?" అన్నాను.

"వద్దులే. ఆపింది నేను."

చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగాడు. "అక్క రానంటే?" అన్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి, వీధిలో నలుగురి తగువులు తీర్చే మనిషి. ఆయన భయపడటం నేను మొదటిసారి చూశాను.

"ఆమె చెయ్యి ఆమెది నాన్నా," అన్నాను. "నువ్వు నీది చాపు."

తలూపి వెళ్ళిపోయాడు. గొడుగు వీధి మలుపు తిరిగేదాకా చూశాను. లోపలికొస్తే ఇల్లు పెద్దదిగా అనిపించింది. ఆయన కుర్చీ, ఆయన కంచం, గోడ మీద అమ్మ ఫొటో. ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరి మధ్య తిరగడమే నా పనిగా ఉండేది. ఇవాళ ఆ పని కూడా ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పొద్దూ, సంతోషంతో పాటు కొంచెం దిగులేసింది.

ఫోను తీసి రేవులో కూర్చున్నాను. పొయ్యి వెలిగించాను గానీ మనసంతా ఆ పచ్చచుక్క మీదే. ఒంటి గంట. బస్సెక్కి ఉంటాడు. ఒకటిన్నర. చిల్లకల్లు దాటి ఉంటాడు. పుల్లయ్య ఎవరినో అవతల దించి, ఖాళీ పడవతో తిరిగొస్తున్నాడు. రెండుంబావు. నందిగామలో దిగి ఉంటాడు. ఎండకి గొడుగు విప్పి, ఇల్లు కనుక్కుంటూ ఉంటాడు. ఇల్లు ఎక్కడో ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు, ఆయన అడగలేదు. అయినా తెలిసే ఉంటుంది.

రేవులో జనం పెరిగారు. ‘పడవెక్కుదామా పుల్లయ్యా?’ అని రత్తయ్య అడిగాడు.

‘పుల్లయ్య తాడు అందుకుని,’ అని వచ్చింది.

అక్కడే ఆగిపోయింది. ఆ వాక్యం పూర్తి కాలేదు. రెండు నలభై. చుక్క వెలుగుతూ ఉంది. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాను. చుక్క ఆరిపోయింది.

పట్టపగలు ఆ చుక్క తనంతట తను ఆరడం నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య ఫోను పక్కన పెట్టింది. అంటే ఆమె రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

రేవులో ఒకటే గోల. ‘సరంగు ఏడీ?’ ‘తాడు అందుకుని ఎక్కడికి పోయాడు?’ ‘పెద్దలెవరైనా చూడండి.’ నేనిప్పుడు పెద్దని కాను. అయినా ఆ గట్టున అందరికంటే పాతదాన్ని. కళ్ళు తుడుచుకుని రాశాను.

‘వరాలమ్మ పెనం దించింది. సరంగు ఇంటికి చుట్టం వచ్చాడు, ఇవాళ పడవ లేదు, అంది.’

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కట్టని పడవని చూసుకుంటూ నేనొక్కదాన్నే గట్టు మీద కూర్చున్నాను.